అడుగున, వెనక వైపుది

ఒలొమొత్స్‌లో మార్చి నెల.
మంచు కరిగి ట్రాము పట్టాల మధ్య బురదయ్యే రోజులు.
నా పాత పుస్తకాల కొట్లోకి
చలిగాలిని వెంటబెట్టుకుని వచ్చిందామె.
తలుపింకా పూర్తిగా వెయ్యకుండానే అడిగింది:
"జావా మూడొందల యాభై.
సొంతంగా బాగుచేసుకునే పుస్తకం ఉందా?"

నాకు బండి నడపడం రాదు.
దానికేం, వంట రాకుండా
వంటల పుస్తకాలు అమ్మట్లేదూ!
మెట్లకింద అరలోంచి మూడు తీసి
దుమ్ము ఊది బల్లమీద పరిచాను.

మొదటిది కొత్తది. నున్నటి కాగితం,
ఇంజను బొమ్మ నగల కొట్లో హారంలా మెరుస్తోంది.
రెండోది ఫ్యాక్టరీవాళ్ళది. బూడిదరంగు అట్ట,
ఇస్త్రీ చొక్కా గుమాస్తాలా బిగదీసుకుని ఉంది.
మూడోదానికి అట్టే లేదు.
రాసినాయన పేరున్న పేజీ కూడా
ఎవరో చింపుకుపోయారు.

ఆమె వెల అడగలేదు.
ఏ ఏడాదిదని అడగలేదు.
మూడింట్లోనూ వెతికి వెతికి ఒకే చోటికి వెళ్ళింది:
క్లచ్ మూత విప్పడం.

"ఇది నాకొచ్చు," అంది.
"వచ్చిన పని గురించి ఏం చెప్తాడో చూస్తే
రాని పని గురించి ఎంత నమ్మాలో తెలుస్తుంది."

నలభై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను.
వాసన చూసి కొన్నవాళ్ళున్నారు.
సోఫాకి నప్పే రంగు చూసి
పదహారు సంపుటాలు కొన్న పళ్ళ డాక్టరున్నాడు.
పుస్తకాన్ని నిలబెట్టి
ఇలా పాఠం అప్పజెప్పించుకున్నవాళ్ళు లేరు.

మొదటి పుస్తకం అప్పజెప్పింది:
'ఐదు మరలు విప్పండి. మూత తీయండి.'
ఆమె ముక్కుతో నవ్వింది.
"పిలవగానే పలికినట్టు ఐదూ వచ్చేస్తాయట."

రెండోది:
'ఈ పనికి మా అధీకృత వర్క్‌షాపును సంప్రదించగలరు.'
"ఆ వర్క్‌షాపులో ఇప్పుడు గోళ్ళకి రంగులేస్తున్నారు.
మా అక్క వెళ్తుంది."

మూడోది చదువుతూ చదువుతూ ఆగిపోయింది.
చేతి తొడుగు పళ్ళతో లాగేసి,
వేలు పెట్టి మళ్ళీ మొదట్నించీ, ఈసారి పైకి:

'నాలుగు మరలు వస్తాయి.
అడుగున, వెనక వైపుది రాదు.
చెయ్యి సుత్తి మీదికి పోతుంది. పోనివ్వకు.
కిరసనాయిలు రెండు చుక్కలు వేసి,
చేతులు కడుక్కుని పడుకో.
పొద్దున్న రాకపోతే ఇంకో రాత్రి.
అది ఇరవై ఏళ్ళుగా అక్కడుంది.
నువ్వొచ్చి ఒక్కరోజు.'

"ఈయన విప్పాడు," అంది నెమ్మదిగా.
"ఈయన వేళ్ళు చెక్కుకుపోయుంటాయి."

దాచడం ఎందుకని చెప్పేశాను:
నూట పన్నెండు నుంచి నూట ముప్పై దాకా
వైరింగు పేజీలు లేవమ్మా.
"పర్లేదు హవెల్కా గారూ," అంది, బోర్డు మీద నా పేరు చూసుంటుంది.
అప్పుడు నేనూ చూశాను,
ఆమె కోటు జేబు మీద నీలం దారంతో కుట్టిన ట్రాము డిపో చిహ్నం,
దాని కింద పేరు, ద్రహోమీరా.
"పగలంతా నేను చేసేది వైర్ల పనే."

చివరగా ఆ పుస్తకాన్ని మధ్యకి తెరిచి
బల్లమీద వదిలేసి చేతులు వెనక్కి కట్టుకుంది.
ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.
మూసుకోలేదు.
దాని వెన్ను ఎప్పుడో విరిగింది.

వెన్ను విరిగిందని నేను వెల తగ్గించబోతే
"వద్దు, అందుకే కొంటున్నా" అంది.
"రెండు చేతులకీ గ్రీజున్నప్పుడు
పేజీ ఎవరు పట్టుకుంటారు?"

అరవై కొరునాలు లెక్కపెట్టి వెళ్ళిపోయింది.
గంట సేపటికి గాని గుర్తురాలేదు,
ఏ ఊరి జావా, ఏం చెడింది, అడగనేలేదని.

కొట్టు కింద నేలమాళిగ తాళం
ఆరేళ్ళుగా తిరగదు.
తాళాలవాణ్ణి పిలవాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను.
రెండుసార్లు తన్నాను కూడా.

ఆ రాత్రి రెండు చుక్కలు వేశాను.
చేతులు కడుక్కున్నాను. పడుకున్నాను.

పొద్దున్న రాలేదు.

సీసా ఇంకా మెట్టు మీదే ఉంది.